ఊపెట్టె

ఊరి కేబుల్ చానెల్ గట్టు టీవీలో కిందటేడు జాతర మళ్ళీ వేస్తున్నారు. వేసి వేసి, అమ్మవారి గరగ కుండలు నెత్తిన ఎత్తుకున్నవాళ్ళలో ఎవరు ఏ మలుపులో తూలతారో రేవుపేటలో చంటిపిల్లలు కూడా చూడకుండానే చెప్పేస్తున్నారు. జాతర కాకపోతే పెళ్ళిరోజు శుభాకాంక్షలు, అవి కాకపోతే చీరల కొట్టువాడి తగ్గింపు ధరలు, అవీ కాకపోతే బరువు తగ్గించే పొడి గురించి గంటసేపు ఉపన్యాసం. ఊరి టీవీలో ఊరు తప్ప అన్నీ ఉండేవి.

ఆ చానెల్లో కార్యక్రమాలు తయారుచేసే మనిషి సుభాషిణి. కెమెరా పట్టేదీ ఆవిడే, ఎడిటింగ్ చేసేదీ ఆవిడే, వచ్చినవాళ్ళకి మొహాన పౌడర్ అద్ది, టీ తెచ్చి ఇచ్చేదీ ఆవిడే. అడ్డమైన చెత్తంతా తన చేతుల మీదుగానే ఊరి మీదకి పోతోందని ఆవిడకి లోలోపల ఒకటే ఉడుకుమోత్తనం. పోరగా పోరగా చానెల్ యజమాని బుల్లబ్బాయి గారు సాయంత్రం ఆరున్నరకి ఒక అరగంట ఇచ్చారు. "ఏదో ఒకటి ఏసుకోమ్మాయ్. ఖర్చు మాత్రం పెట్టించకు" అన్నారు.

ఖర్చు లేనిది ఇంట్లోనే ఉంది. సుభాషిణి అత్తగారు పల్లాలమ్మకి కథలు చెప్పడంలో ఆ చుట్టుపక్కల లంకల్లో సాటి లేదు. మామగారు పోయాక ఆవిడ కథ చెప్పడం మానేసింది. మాట్లాడటమే తగ్గించేసింది. ఈ వంకన అత్తయ్య మళ్ళీ నోరు విప్పుతుందనీ, చానెల్‌కి ఒక్క మంచి కార్యక్రమం ఉంటుందనీ సుభాషిణి ఆశ. దానికి 'సందెకథ' అని పేరు కూడా పెట్టేసుకుంది.

తీరా స్టూడియోలో కూర్చోబెడితే పల్లాలమ్మ రెండు ముక్కలు చెప్పి ఆగిపోయింది.

"ఏమైంది అత్తయ్యా? బాగా చెబుతున్నావుగా."

"నా తలకాయ బాగుంది. ఈ గాజుకన్నుకి నేను కథ చెప్పలేనే అమ్మాయ్. ఇది ఊ కొట్టదు."

"నేను లేనా ఎదురుగా?"

"నువ్వు నా మొహం చూత్తన్నావా? ఆ పెట్టెలో గీతలు చూత్తన్నావు."

అది నిజం. కెమెరా, మైకు, గడియారం మూడింటినీ చూసుకోవాల్సిన మనిషి ఊ కొట్టడం ఎలా? కొట్టినా ఆ ఊ కాస్తా రికార్డయి కూర్చుంటుంది. సుభాషిణి ఎంత బతిమాలినా పల్లాలమ్మ దిగిపోయింది. ఇంటికి వచ్చాక అన్నం పెట్టుకుంటూ మాత్రం ఒక మాట అంది. "మీ మామగారు ఊ కొడితేనే నాకు కథ తోచేది. నిద్దట్లో కూడా కొట్టేవోరు. నిద్దర ఊ వేరు, మెలకువ ఊ వేరు. చెవిన పడగానే తెలిసిపోయేది నాకు."

సుభాషిణి భర్త సత్తిబాబు పులుసు కలుపుకుంటూ ఆ మాట విన్నాడు. అతను అదే చానెల్లో కేబుల్ లైన్లు చూసే టెక్నీషియన్. మాట తక్కువ మనిషి. మాట్లాడాల్సిన చోట ఏదో ఒక వైరు పీకి చూస్తాడు. "ఎలా తెలిసేదమ్మా?" అని అడిగాడు.

"ఎలా ఏంటిరా? తెలిసేది."

ఆ జవాబు సత్తిబాబుకి సరిపోలేదు. మర్నాటి నుంచి వాళ్ళ ముందుగది ముందుగదిలా లేదు. వీధిలో వాళ్ళని పిలిచి కూర్చోబెట్టడం, తల్లి చేత కథ చెప్పించడం, వాళ్ళ ఊలు మైకులో పట్టుకోవడం. నిలబడ్డవాళ్ళ ఊ, కూర్చున్నవాళ్ళ ఊ, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన ఇల్లాలి ఊ. కాళ్ళకి అడ్డం పడుతున్న వైర్లు చూసి సుభాషిణికి ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు ఆ వైర్లన్నీ చీపురుతో తోసేయబోతుంటే సత్తిబాబు చెయ్యి పట్టుకుని ఆపి, కంప్యూటర్ తెర మీద రెండు గీతలు చూపించాడు.

"ఇదిగో, ఇది మర్యాదకి కొట్టిన ఊ. పుట్టినచోటే పడిపోయింది. ఇది మనసున్న ఊ. చివర చూడు, కొంచెం పైకి లేచింది. తర్వాతేంటి అని అడుగుతోంది."

ఆ పైకి లేచే ఊని మాత్రమే గుర్తుపట్టే చిన్న పెట్టె ఒకటి చేశాడు. టీవీ పక్కన పెడితే అది ఇంట్లో ఊ వింటుంది. బొమ్మని ఇంటికి మోసుకెళ్ళే వైరే ఊని వెనక్కి మోసుకొస్తుంది. ఊళ్ళో ఊలన్నీ కలిసి స్టూడియోలో పల్లాలమ్మ చెవి దగ్గర స్పీకరులో వినిపిస్తాయి. ఊరు దానికి ఊపెట్టె అని పేరు పెట్టింది. "మా అత్తాకోడళ్ళ తగువులన్నీ ఇంటారా ఏటి?" అని మొదట్లో ఆడవాళ్ళు బెదిరారు. "ఊ తప్ప ఏదీ రాదండీ. మీరు తనివితీరా తిట్టుకోండి" అని సత్తిబాబు ఇంటింటికీ చెప్పి బిగించాడు.

మొదటి సాయంత్రం లైవ్‌లో పల్లాలమ్మ అనుమానంగానే మొదలుపెట్టింది. "అనగా అనగా ఓ రేవులో ఓ పడవ సరంగున్నాడు..."

స్పీకరులోంచి ఊ వచ్చింది.

అది ఒక గొంతు కాదు. ముసలీ ముతకా, చిన్నా పెద్దా, ఆడా మగా కలిసిపోయిన ఒక పెద్ద ఊ. పల్లాలమ్మ ఉలిక్కిపడింది. కొంగు సర్దుకుంది. "ఆడి పడవలో ఓనాడు ఓ అమ్మాయి ఎక్కింది. చంకలో మూతబుట్ట." మళ్ళీ ఊ. ఈసారి ఇంకాస్త పైకి లేచింది. ఆ తర్వాత ఆవిడని పట్టుకోవడం ఎవరి తరం కాలేదు. ఊ పలచబడితే గొంతు తగ్గించి వాళ్ళని దగ్గరికి లాక్కునేది. ఊ బరువెక్కితే కావాలని ఆగి నీళ్ళు తాగేది. మామగారు పోయాక అత్తగారి కళ్ళల్లో ఆ వెలుగు సుభాషిణి చూడనేలేదు. కెమెరా వెనక నిలబడి ఆవిడ ఏడ్చేసింది. ఏడుస్తూనే గీతలు చూసుకుంది.

ఆ బుట్ట కథ వారాలు సాగింది. అందులో ఏముందో అమ్మాయి చెప్పదు. ఎవరు ఎత్తితే వాళ్ళకి ఒక బరువు. సరంగు ఎత్తితే దూదిపింజె. ఊరి పెద్ద ఎత్తితే కదలదు. దొంగ ఎత్తితే నడవగా నడవగా బరువెక్కుతుంది. ఆరున్నరయ్యేసరికి రేవుపేట బజారు పలచబడిపోయేది. కూరలు బేరమాడుతూ కూడా ఆడవాళ్ళు బుట్టలో ఏముంటుందన్న దాని మీద పందేలు వేసుకునేవాళ్ళు.

సుభాషిణికి ఏనుగెక్కినంత సంబరం. ఇన్నాళ్ళూ 'జనం చూడరమ్మాయ్' అని నోరు నొక్కేసిన బుల్లబ్బాయి గారికి ఇప్పుడు రుజువు చూపించొచ్చు. సత్తిబాబు చేత లెక్క తీయించి పట్టుకెళ్ళింది.

"చూడండి బాబాయ్ గారూ. జాతరకి ఊ లేదు. పొడికి లేదు. చీరలకి లేదు. కథకి ఊరంతా ఊ కొడుతోంది. మంచిది పెడితే జనం చూస్తారండీ. రైతుల కార్యక్రమం ఒకటి మొదలుపెడదాం. మునిసిపాలిటీ మీటింగు కోతల్లేకుండా వేద్దాం."

బుల్లబ్బాయి గారు ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూశారు. ఆయన చెడ్డవాడు కాదు. కాలవ గట్టున సోడాకొట్టు నుంచి చానెల్ దాకా పైకొచ్చిన మనిషి. కాకపోతే ఏ వస్తువు కనబడినా దాన్ని ఇంకొంచెం ఊదితే ఎంతవుతుందో చూడాలనిపిస్తుంది ఆయనకి.

"ఊ ఇంత బాగుంటే, ఇంకా పెంచుదాం" అన్నారు.

"పెంచడమేంటండీ? అది వాళ్ళంతట వాళ్ళు కొట్టేది."

"నీకు యాపారం తెలీదమ్మాయ్."

మర్నాడు తెర కింద అక్షరాలు పరిగెత్తాయి. 'ఊ కొట్టు, కుక్కరు పట్టు! వారంలో ఎక్కువ ఊ కొట్టిన ఇంటికి బహుమతి!' సుభాషిణి నెత్తి బాదుకుంది. కొరివితో తల గోక్కోవడమంటే ఇదేనని మొగుడితో మొత్తుకుంది. సత్తిబాబు అలవాటుగా లేచాడు. ఒక వైరు పీకి చూసి మళ్ళీ పెట్టాడు.

ఊ పెరిగింది. పెరగడమంటే అలా ఇలా కాదు. కథ లేనప్పుడు కూడా పెరిగింది. బుల్లబ్బాయి గారి ముఖం మతాబాలా వెలిగిపోయింది. పల్లాలమ్మ మాత్రం ఒకరోజు స్టూడియో మెట్లు దిగుతూ, "అమ్మాయ్, ఊలో ఏదో తేడా ఉందే" అంది.

"ఊ పెరిగింది అత్తయ్యా. అదే తేడా."

"అది కాదే. కథలో పిల్లోడిని పాము కరిచిందని చెప్పినా అదే ఊ, పిల్లోడు బతికేడని చెప్పినా అదే ఊ."

సుభాషిణి వినిపించుకోలేదు. బహుమతి ఇవ్వడాన్ని చిత్రీకరించమని బుల్లబ్బాయి గారు తరుముతున్నారు. కుక్కరూ, కెమెరా చంకన పెట్టుకుని ఆ వారం గెలిచిన ఇంటికి వెళ్ళింది. తలుపుకి తాళం. లోపల టీవీ మోగుతోంది. టీవీతో పాటు ఎవరో ఊ కొడుతున్నారు. తాళం వేసిన ఇంట్లో ఊ కొట్టేది ఎవరా అని కిటికీ చువ్వల్లోంచి తొంగి చూసింది. ఊపెట్టె ముందు స్టీలు గ్లాసుకి ఆనించి ఒక సెల్‌ఫోను నిలబెట్టి ఉంది. "ఊ" అంది ఫోను. కాసేపాగి మళ్ళీ "ఊ" అంది. చివర ముద్దుగా పైకి లేచిన చంటిపిల్ల ఊ.

పక్కింటావిడ గోడ మీంచి పలకరించింది. "ఆళ్ళు అన్నవరం ఎళ్ళారండి. ఎల్లుండి గానీ రారు."

"మరి ఈ ఫోను?"

"పాత ఫోనండి. చార్జింగు పెట్టే ఎళ్ళారు. అందరం అదే చేత్తన్నామండి. ఆ పెట్టి ఉత్తుత్తి ఊ తీసుకోదంట కదండీ. అందుకే మొదటివారం మా పాప మనసుపెట్టి కొట్టింది రికార్డు చేసి ఉంచుకున్నాం." ఆవిడ గొంతు తగ్గించింది. "రీచార్జి కొట్టులో రకరకాల ఊలు ఎక్కిత్తన్నారండి. ముసలోళ్ళవైతే బాగా పనిచేత్తన్నాయంట."

సుభాషిణి కుక్కరుతో సహా ఆ గుమ్మంలోనే కూలబడింది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. అందరూ తెలివైనవాళ్ళే. ఎవడికి వాడు తెలివైన పనే చేశాడు.

ఆ కోపంతోనే వెళ్ళి బుల్లబ్బాయి గారికి అంతా చెప్పింది. ఆయన నిమ్మళంగా విన్నారు. తర్వాత తన దగ్గరున్న కాగితం ఆవిడ ముందుకి తోశారు.

"ఫోనో, మనిషో నాకు తెలీదమ్మాయ్. ఇది చూడు. కథకెంత ఊ వత్తందో పొడికీ అంతే వత్తంది. జాతరకీ అంతే. చీరలకీ అంతే. జనం అన్నిటికీ ఊ అంటన్నారు."

"జనం కాదండీ బాబూ! ఫోన్లు! రోజంతా వాగుతున్నాయి అవి!"

"ఈ లెక్క తెచ్చింది నువ్వే కదా? నీకు కలిసొచ్చినప్పుడు రుజువూ, కలిసిరాకపోతే ఫోన్లూనా?"

మంచికీ చెత్తకీ తేడా చూపించాలని మొగుడూ పెళ్ళాలు కలిసి యంత్రం చేస్తే, ఆ యంత్రమే రెండూ ఒకటేనని అచ్చువేసి ఇచ్చింది. బుల్లబ్బాయి గారు గొంతు సవరించుకున్నారు. ఆరున్నర అరగంటని పొడివాళ్ళు అడుగుతున్నారట. ఊ సమానమైనప్పుడు అటే ఇవ్వాలి గదా. రేపటితో కథ ఆఖరు.

"ఒక్కరోజులో ఎలా ముగిస్తారండీ? కథ బుట్ట తెరవబోయే దగ్గరుంది."

"తెరిపించెయ్" అన్నారాయన. ఎందుకో ఆ మాట అంటూ కొంచెం ముందుకి వంగారు.

మర్నాడు పల్లాలమ్మ జరీ అంచు చీర కట్టుకుని వచ్చింది. కోడలు చెప్పిన సంగతంతా విని, తిన్నగా వెళ్ళి కూర్చుంది. కథ మొదలుపెట్టింది. పడవ నడి గోదాట్లో ఉంది. గాలి లేచింది. బరువు దించకపోతే పడవ మునుగుతుంది. బుట్ట గోదాట్లో వేసెయ్యమని అందరూ అరుస్తుంటే, సరంగు లేచి బుట్ట మూత మీద చెయ్యి వేశాడు.

అక్కడ ఆగిపోయింది.

"ఊ" అంది స్పీకరు.

పల్లాలమ్మ మాట్లాడలేదు. నీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని ఆ స్పీకరు వైపు చూస్తూ కూర్చుంది.

"ఊ."

కథ చెప్పే మనిషి నోరు మూసుకుంటే ఊ కొట్టేవాళ్ళు ఏం చెయ్యాలి? చెప్పమనాలి. అలగాలి. లేచి పోవాలి. ఊరు మాత్రం ఊ కొడుతూనే ఉంది. "ఊ. ఊ. ఊ." పసిగొంతులు, ముసలి గొంతులు, అన్నీ చివర పైకి లేస్తూ, తర్వాతేంటి, తర్వాతేంటి అని అడుగుతున్నాయి. అడిగేవాళ్ళు ఎవరూ అక్కడ లేరు.

"నేనేం చెప్పేనని ఊ అంటన్నార్రా?" అని అడిగింది పల్లాలమ్మ నెమ్మదిగా.

"ఊ."

"పడవ మునిగిపోయింది. అందరూ చచ్చిపోయారు. నేనూ చచ్చిపోయాను."

"ఊ" అంది ఊరంతా.

పల్లాలమ్మ లేచింది. చీర అంచుకి తగిలించిన మైకు తీసి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. సత్తిబాబు పరిగెత్తుకొచ్చి స్పీకరు వైరు పీకేశాడు. ఈసారి మళ్ళీ పెట్టలేదు.

ఆ తర్వాత ఒక్క ఫోనైనా వస్తుందని సుభాషిణి ఎదురుచూసింది. కథ ఏమైందని ఒక్కరైనా అడగాలి గదా. పందేలు వేసుకున్న ఆడవాళ్ళు ఏమయ్యారు? రాలేదు. ఆరున్నరకి పొడివాడు వచ్చి వెళ్తున్నాడు, ఊ పడుతూనే ఉంది. ఇంట్లో పల్లాలమ్మ మళ్ళీ మాట మానేసింది. మామగారు పోయినప్పటి మౌనమే అది. ఇదివరకు పోయింది ఒక మనిషి, ఇప్పుడు ఊరు. అన్నం పెడితే తింటుంది, పిలిస్తే "ఊ" అంటుంది. ఆ ఊ చివర పడిపోతుంది. అది వినడానికి సుభాషిణికి ఇప్పుడు యంత్రం అక్కర్లేదు. అత్తయ్యని ఈ గాజుకన్ను ముందుకి లాక్కొచ్చింది నేనే కదా అని తనని తనే తిట్టుకునేది.

ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళ పల్లాలమ్మ అరుగు మీద చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. గేటు దగ్గర స్కూటరు ఆగింది. బుల్లబ్బాయి గారు.

"వదినా, కులాసాయేనా?"

"ఊ."

చిక్కుడుకాయల రేటు అడిగారు. ఎండల సంగతి ఎత్తారు. ఆఖరికి తల గోక్కుంటూ, "అదీ... ఆ బుట్టలో ఏటుంది వదినా?" అన్నారు.

సుభాషిణి గరిటె పట్టుకునే బయటికి వచ్చేసింది. "మీరు చూశారా?"

"చూడకేటమ్మాయ్? మొదట్నించీ చూత్తన్నాను. అన్నం చల్లారిపోతందని మీ పిన్ని తిడతానే ఉంటాది."

"మరి మీ ఇంటి నుంచి ఒక్క ఊ కూడా ఎప్పుడూ రాలేదే!"

"నా ఇంట్లో ఊపెట్టి ఎట్టించుకోలేదమ్మాయ్. ఓనరింటికి కుక్కరొత్తే ఊరేటనుకుంటాది?"

ఊరంతటికీ మిగిలిన ఒకే ఒక్క శ్రోత, లెక్కలోకి రాని మనిషి. సుభాషిణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అంత నచ్చితే ఎందుకు ఆపేశారండీ మహానుభావా?"

"నచ్చినయ్యి ఏసుకోడానికి చానెలెట్టేనేటమ్మాయ్?" అన్నారాయన, నిజంగానే ఆశ్చర్యపోతూ.

పల్లాలమ్మ చిక్కుడుకాయల చేట పక్కకి జరిపింది. అరుగు మీద చోటు చూపించింది. "కూకో. సరంగు మూత మీద చెయ్యేశాడు."

"ఊ."

"వెయ్యగానే బుట్టలోంచి ఎవరో ఆడి పేరెట్టి పిలిచారు."

"ఊ!"

లోపల గూట్లో సత్తిబాబు పరీక్షలకి వాడిన మొదటి ఊపెట్టె ఉంది. దాని దీపం టక్కున వెలిగింది. సత్తిబాబు భార్య వైపు చూశాడు. ఇద్దరూ గుమ్మంలోనే నిలబడిపోయారు. పల్లాలమ్మ గొంతు తగ్గించింది. బుల్లబ్బాయి గారు వంగారు. ఆవిడ ఇంకా తగ్గించింది. ఆయన అరుగు అంచుకి వచ్చేశారు. బుట్టలోంచి పిలిచిన గొంతు ఎప్పుడో పోయిన సరంగు తల్లి గొంతట. వాడు మూత సగం ఎత్తాడట.

పల్లాలమ్మ చేట మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

"ఊ... ఎత్తి?" అన్నారు బుల్లబ్బాయి గారు.

"మిగతాది రేపు ఆరున్నరకి. నీ టీవీలో."

"వదినా!"

"ఆ పెట్టెలన్నీ ముందు పీకించెయ్."

"మరి ఊ కొట్టేవోళ్ళు లేకుండా చెప్పలేనన్నావు గదా?"

"నువ్వున్నావుగా. కెమెరా పక్కన కూకో."

"చానెల్ ఓనర్నొదినా నేను! స్టూడియోలో కూకుని ఊ కొట్టమంటావా?"

"ఊ" అంది పల్లాలమ్మ, ఈనె తీస్తూ.

"పొడోళ్ళకి మాటిచ్చేశాను."

"ఊ."

"ఆళ్ళు ఊరుకోరు. ఏటి చెప్పుకోవాలి నేను?"

"ఊ."

ఒక్కటీ పైకి లేవలేదు. గూట్లో దీపం వెలగలేదు. బుల్లబ్బాయి గారు విసురుగా లేచి వెళ్ళి స్కూటరెక్కారు. తాళం తిప్పారు. మళ్ళీ తీశారు. గేటు పట్టుకుని అక్కడి నుంచే కేకేశారు.

"అమ్మాయ్, ఆ కెమెరా పక్కన కుర్చీ ఏయించు. నడుం ఆనేదవ్వాలి. బల్ల మీద కూకుని ఊ కొట్టడం నావల్ల కాదు."